ఏడుపులో అన్న మాట

నవంబరు, మూడో ఆదివారం. పాన్‌గల్ దగ్గర మా అక్క ఊరు, అక్క ఇల్లు. ఉన్నవాళ్లు: మా అక్క. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు. అతని భార్య, ఆ పూటే పుట్టింటి నుంచి వచ్చింది. ఆమెను బండి మీద వెంటబెట్టుకొచ్చిన ఆమె అన్న, బల్మూరు మనిషి. మేనల్లుడి బిడ్డ, గద్వాలలో డిగ్రీ చదువుతున్న పిల్ల. పక్కింటి భాయ్, పోయిన మా బావకు చిన్ననాటి దోస్తు. నేను. పిలవకుండా గోడ అవతల నిలబడి విన్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను లెక్కలో వేయలేదు.

ఏ పని మీద ఎవరింటికి వెళ్లినా ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్లను రాసుకోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేశాను. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎవరు నడిపారు, ఎవరు టికెట్లు కొట్టారు, ఇవన్నీ రాయడమే నా పని. రిటైరై వనపర్తిలో ఉంటున్నా ఆ అలవాటు పోలేదు, డైరీల్లోకి వచ్చి చేరింది. డైరీలో పేర్లున్నాయి. ఇక్కడ తీసేశాను. ఆ ఇంటివాళ్లు ఇప్పటికే చాలామంది నోళ్లలో పడ్డారు.

ఆ ఆదివారం తేలవలసింది ఒక్కటే. మా అక్క కోడలు ఆ ఇంట్లో ఉంటుందా, అన్న వెంట బల్మూరుకు తిరిగి వెళ్లిపోతుందా. మర్నాడు మా బావ నెల మాసికం. ఆ పని ముగిసేలోపు ఏదో ఒకటి చెప్పాలని ఆమె అన్న పట్టుమీద ఉన్నాడు.

మా బావ పక్షవాతం వచ్చి చాలాకాలం మంచాన ఉన్నాడు. అక్కకు మోకాళ్లు పనిచేయవు, ఆయన్ను లేపలేదు, పక్కకు తిప్పలేదు. అన్నీ కోడలే చేసింది. ఆమె ఆ ఊరి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పొద్దున వెళ్లేలోపు మామ ఒళ్లు తుడిచి, బట్ట మార్చి, జావ తాగించేది. మధ్యాహ్నం మళ్లీ వచ్చి చూసుకునేది. ఇది ఆ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

బావ పోయిన రోజు అక్క శోకం తీసింది. మా దిక్కు ఆడవాళ్లు శవం దగ్గర ఊరికే ఏడవరు. మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి బతుకంతా అందులో చెబుతారు. చెబుతూ చెబుతూ దగ్గరివాళ్లను పట్టుకుంటారు. నువ్వు చూడకపోతివి, నువ్వు పెట్టకపోతివి, నువ్వు ఆఖరికి రాకపోతివి అంటారు. అందులో నిజమెంత అని ఎవరూ అడగరు. శవం లేచిన తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు అది, అందరూ పాటించేది.

పైగా ఆ నింద ఎప్పుడూ బాగా చూసుకున్నవాళ్ల మీదే పడుతుంది. దూరపువాళ్ల పేరు ఎవరూ తీయరు. మా అమ్మ పోయినప్పుడు అక్క నన్ను పట్టుకుంది. 'బస్సులకు టైము రాసే తమ్ముడా, అమ్మ బస్సును జర ఆపకపోతివా' అని ఏడ్చింది. దవాఖానలో అమ్మ పక్కన పడుకున్నది నేనే. అది అక్కకు తెలుసు, నాకు తెలుసు. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుంటే అదే అక్క వేడన్నం తెచ్చి ముందు పెట్టింది. ఆనాటి డైరీలో వచ్చినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. అక్క ఏడ్చిన మాటలు లేవు. రాయాలని తోచనే లేదు.

బావ తల దగ్గర కూర్చొని అక్క ఎత్తుకున్నది ఇది:

కంచంల బువ్వ కాకులు తినె నా రాజా,
గుక్కెడు నీళ్లకు గోడనడిగితివా నా రాజా,
బల్మూరు కోడలు తలుపేసుకునె,
నీ పిలుపంత గాలికి పాయె నా రాజా.

మా దగ్గర కోడళ్లను పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారు. ఆ వీధికి ఆమె బల్మూరామె. తన పేరు ఏడుపులో వినపడగానే ఆమె పెరట్లో నుంచి ఏడ్చుకుంటూ వచ్చి అత్త మెడ పట్టుకుంది. అదీ పద్ధతే. నింద పడ్డవాళ్లు వచ్చి పట్టుకోవాలి. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. నేను గడప దగ్గర నిలబడి చూశాను.

ఆ ఏడుపును మనవరాలు ఫోనులో తీసింది. ఆ పిల్లకు ఫోనులో ఒక పేజీ ఉంది. అవ్వ జొన్నరొట్టె చేయడం, పల్లి చేనులో కలుపు తీయడం, అవ్వ తిట్లు, ఇలాంటివి పెట్టేది. కాలేజీ దోస్తులు తప్ప పెద్దగా చూసేవాళ్లు లేరు. దినాలు అయిపోయాక గద్వాల హాస్టలుకు వెళ్లి, తాత మీద బెంగతో ఆ ఏడుపు పెట్టింది. పైన 'మా తాత కోసం మా అవ్వ' అని రాసింది. మొదట వచ్చినవన్నీ మంచి మాటలే. మా నాయనమ్మ కూడా ఇట్లనే ఏడ్చేది అని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. తర్వాత ఎవరో దాన్ని తీసుకొని, కింద ఒక విషాద సంగీతం చేర్చి, 'మామకు గుక్కెడు నీళ్లివ్వని కోడలు' అని పెద్ద అక్షరాలతో రాసి వదిలారు. ఇక అది మా ఇంటి ఏడుపు కాకుండా పోయింది. కింద వందలమంది తీర్పులు చెప్పారు. చెప్పుతో కొట్టాలన్నారు. ఆస్తి రాయొద్దన్నారు. ఊరి పేరు మాటలోనే ఉంది కాబట్టి బల్మూరులో తెలుసుకోవడానికి ఒక పూట కూడా పట్టలేదు.

సొంత తల్లిని నిందించిన మాటను ఆ పిల్ల ఎట్లా పెట్టిందని అందరూ అడిగారు. నేనూ అడిగాను.

"తాతా, నాకు అమ్మను తిట్టినట్టు ఇనపడనే లేదు. అవ్వ ఏడ్సినట్టే ఇనపడ్డది" అంది.

అబద్ధం కాదనుకుంటాను. పుట్టినప్పటి నుంచి ఇలాంటి ఏడుపుల మధ్య పెరిగిన పిల్ల. అందులో మాట ఆమెకు మాట కాదు, రాగంలో ఒక భాగం. బయటివాడు వింటే అదే మాట ఫిర్యాదు అవుతుందని, సాక్ష్యం అవుతుందని ఆమెకు తోచలేదు. మాలో ఎవరికీ తోచలేదు. పెట్టిన రోజు మేనల్లుడు నాకు పంపితే నేను కూడా బాగుందని రాశాను.

తల్లీబిడ్డలు ఒక శనివారం బీచుపల్లి వెళ్లారు. ఆంజనేయుడి దర్శనం వరుసలో ఒకామె పిల్లను గుర్తుపట్టింది. నువ్వు ఆ ఏడుపు పెట్టిన పిల్లవు కదా అని ముద్దు చేసింది. తర్వాత పక్కనున్న తల్లిని చూసి, "అయితే ఆ బల్మూరు కోడలివి నువ్వేనా?" అంది. వరుసలో వెనకవాళ్లు మెడలు చాచి చూశారు. తల్లి దర్శనం చేసుకోకుండా కృష్ణ ఒడ్డుకు వెళ్లి కూర్చుందట. పిల్ల అక్కడే, ఆ వరుసలోనే, తన పేజీలోంచి దాన్ని తీసేసింది. వేరేవాళ్లు పెట్టింది మాత్రం తీయడానికి ఆమె చేతిలో లేదు.

ఆ సోమవారం అంగన్‌వాడీలో ఒక తల్లి బిడ్డను దింపుతూ, "మామకే నీళ్లియ్యలేదంట, మా పిల్లకు పాలన్న పోస్తవా టీచరమ్మా?" అని నవ్వింది. పరాచికానికే అన్నదట. కోడలు ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి బల్మూరుకు వెళ్లిపోయింది.

ఇది జరిగిన క్రమం. ఇక ఆ ఆదివారం సంగతి.

మధ్యాహ్నం భోజనాలు ఎవరూ సరిగా చేయలేదు. కోడలు వచ్చీ రావడంతోనే వంటింట్లోకి వెళ్లి గడప మీద కూర్చుంది. ఇంటామెలా లోపలికీ పోలేదు, చుట్టంలా బయటికీ రాలేదు. ఆమె అన్నకు బల్మూరులో ఎరువుల దుకాణం ఉంది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

"మా చెల్లె తప్పు చేసిందా, లేదా? ముందుగాల అది చెప్పున్రి" అన్నాడు.

"చేయలే" అన్నాడు మేనల్లుడు.

"నిన్ను అడుగుతలేను బావా. నువ్వు నోట్ల బెల్లంగడ్డ వెట్టుకున్నవ్. దుకాణంల కూసుంటే యూరియా కొననీకె వచ్చినోడు గూడ నన్ను అదే అడుగుతుండు. నేను అత్తనే అడుగుతున్న."

అక్క మంచం మీద గోడకు ఆనుకొని ఉంది. "నా కోడలు తప్పు చేసిందని ఎవరన్నరు?" అంది.

"నువ్వే అన్నవ్ అత్తా. దునియా అంత ఇన్నది."

"నేను దునియాకు చెప్పలే బిడ్డా. నీకూ చెప్పలే. మీ మామకు చెప్పుకున్న."

భాయ్ అందుకున్నాడు. "అరె, పంచాయితీ అంటే నాది గూడ ఒకటుంది వదినా. చిన్నప్పటి సంది వాని ఎంబడే తిరిగిన. గంత ఏడ్సినవ్, అందరి పేరు తీసినవ్, ఒక్కసారన్న నా పేరు తీయకపోతివి. నన్ను పరాయోన్ని చేసినవ్."

గోడ అవతల ఎవరో నవ్వారు. అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బల్మూరు మనిషి నవ్వలేదు.

"నవ్వులాట కాదు భాయ్. నా చెల్లె దవాఖానల పండుకునేటట్టయింది. తిండి లేదు, నిద్ర లేదు. ఫోన్ తెరిస్తే ఏందో, మూస్తే ఏందో అని ఒకటే పరేషాన్."

"నేను ఊకుంట బేటా. మాట్లాడు."

"ఒక్కటే మాట. అదే ఫోన్ల, అదే పిల్ల పేజీల, అత్త కూసోని చెప్పాలె. నేను ఏడ్సింది అబద్ధం, నా కోడలు మంచిగ చూసుకున్నది అని. లేకుంటే మా చెల్లె ఈ ఇంట్ల ఉండది. రేపు మాసికం అయినంక బండెక్కిచ్చుకొని పోత."

నేను పిల్లను దగ్గరికి పిలిచాను. ఆ రోజు తీసింది ఫోనులో ఇంకా ఉందా అని అడిగాను. ఉందంది. పెట్టింది ముక్క కదా, మొత్తం చూపించమన్నాను. నా లెక్క ఏమిటంటే, కోడలు వచ్చి అత్త మెడ పట్టుకున్నది కూడా అందులో ఉంటుంది. అది కూడా పెడితే చూసినవాళ్లకు అర్థమవుతుంది. గొడవ అక్కడితో తెగుతుంది.

"మొత్తం గింతే తాతా" అంది పిల్ల.

"మీ అమ్మ వచ్చి పట్టుకున్నది లేదా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

పిల్ల తల వంచుకుంది. "అమ్మ ఏడ్సుకుంట వస్తుంటే నేను ఫోన్ కింద వెట్టిన. నేను గూడ పోయి పట్టుకున్న."

పిల్ల మేనమామ, అంటే ఆ బల్మూరు మనిషి, అన్నాడు, "ఇంకొక్క నిమిషం ఫోన్ పట్టుకుంటే నీ సొమ్మేం పోయేది పిల్లా? ఇంత బదనాం కాకపోయేది గదా."

పిల్ల తల ఎత్తింది. కళ్ల నిండా నీళ్లున్నాయి కానీ గొంతు మెత్తగా లేదు. "అప్పుడు గూడ పట్టుకొని నిలబడితే నేనేం మనిషిని మామా?"

అప్పుడు అక్క అంది, "తియ్యి బిడ్డా. ఏం చెప్పాల్నో చెప్పున్రి, చెప్త."

నేను వద్దనబోయాను. అక్క చేయి ఎత్తి ఆపింది. పిల్ల ఫోనును నీళ్ల బిందెకు ఆనించి నిలబెట్టింది. అక్క కొంగు సవరించుకొని, ఫోటోకు కూర్చున్నట్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది.

"నా కోడలు మంచిది. నేను ఏడుపుల అన్నది అబద్ధం."

"గట్ల కాదు అత్తా. మామకు నీళ్లిచ్చింది, బువ్వ పెట్టింది అని చెప్పు. మంచిగ ఫోన్ దిక్కు చూసి చెప్పు" అన్నాడు ఆయన.

అక్క మళ్లీ చెప్పింది. ఈసారి 'బువ్వ' దగ్గర ఆగింది. ఆయన మళ్లీ చెప్పించాడు. అక్క మళ్లీ చెప్పింది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలు ఇట్లాగే ఒక్కొక్క మాటా విడదీసి చదువుతారు. మేనల్లుడు లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. భాయ్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకొని దాన్నే చూస్తున్నాడు. బల్మూరు మనిషి చేస్తున్నది తప్పని అనలేను. చెల్లెలి కోసం చేస్తున్నాడు. ఆమె పేరు పోయింది నిజం. కానీ మా అక్క జీవితంలో ఎవరో చెప్పిన మాట తన నోటితో చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

"నాకు చూపియ్యి" అంది అక్క.

పిల్ల చూపించింది. అక్క ఫోనును దగ్గరగా పట్టుకొని చూసింది. తర్వాత శవం దగ్గరిది కూడా చూపించమంది. రెండూ చూసి ఫోను మంచం మీద పెట్టింది.

"ఆనాడు ఏడ్సింది గీమెనా? ఇయ్యాల మాట్లాడింది గీమెనా? రెండింట్ల ఏదీ నేను కాదు తమ్మీ" అంది నాతో. "ఫోన్ల నన్ను నేను చూసుకున్నకాంచి నాకు ఏడుపు వస్తలేదు. నోరు తెరిస్తే నా గొంతే ముందుగాల నాకు ఇనపడుతున్నది. మీ బావ బట్టలు తీసి మడతవెట్టేటప్పుడు గూడ గుటుక్కున మింగుతున్న."

నేను ఆమె తమ్ముణ్ణి. నెల నుంచి వారానికోసారి వచ్చి పోతున్నాను. బాగానే ఉందని, గట్టి మనిషని రాసుకున్నాను.

"అది పెట్టొద్దు."

అన్నది కోడలు. వచ్చినప్పటి నుంచి ఆమె మాట వినడం అదే మొదలు. గడప మీదనే ఉంది, లేవలేదు.

"ఏంది చెల్లె? నీ కోసమే గదా ఇదంత" అన్నాడు అన్న.

"నా కోసమే అయితే పెట్టొద్దు. పెడితే కింద ఏం రాస్తరో నాకు ఎరుకే. ముసలిదాన్ని కొట్టి చెప్పిచ్చిన్రు అంటరు. మల్ల నేనే చెడ్డదాన్ని అయిత."

"మరేం జేద్దామంటవ్? గిట్లనే ఊకుందామా?"

"నాకు తెల్వదన్నా." అత్తను చూడకుండానే అంది, "పదిమందిల నా పేరు తీసి ఏడ్సిండ్రు. పదిమందిల ఎవరన్న నా దిక్కు నిలబడి, గామె అట్ల కాదు అని అన్నరా? అత్త నన్ను ఏడుపుల అన్నది, దానికి నాకు బాధ లేదు. నేను బల్మూరుకు పోతుంటే అత్త ఈ మంచం దిగలే. యాడికి అని అడగలే. దానికి బాధ."

అక్క తన మోకాళ్ల మీద చేతులు వేసుకుంది.

"రేపు మాసికం కానియ్యి. అయినంక చెప్త, ఉండెదో పోయెదో" అని కోడలు లేచి వంటింట్లోకి వెళ్లింది. కానీ ఆ సాయంత్రం పొయ్యి ముట్టించింది మేనల్లుడే.

పొద్దుగూకేవేళ పిల్ల నా పక్కన అరుగు మీద కూర్చుంది. అక్క చేత చెప్పించినదాన్ని నా ముందే ఫోనులోంచి తీసేసింది. తన పేజీ చూపించింది. అందులో ఇక జొన్నరొట్టెలు, పల్లి చేను మాత్రమే మిగిలాయి.

"ఒక్క వారం నన్ను అందరు గుర్తువట్టిండ్రు తాతా. కాలేజీల సీనియర్లు గూడ వచ్చి మాట్లాడిండ్రు. నా మాట యాస అని నవ్వినోళ్లే మీ అవ్వ తోని ఇంకోటి తియ్యి అన్నరు. నేనంటే గీ పిల్ల అని ఒకటి తయారైంది. ఇప్పుడు గామె లేదు." ఫోను పక్కన పెట్టి, "నీ డైరీలు ఎవరు చదువుతరు?" అని అడిగింది.

"ఎవరూ చదవరు."

"మరెందుకు రాస్తవ్?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. "రాస్తే ఆ దినం నేను ఉన్నట్టు నాకు తెలుస్తది" అన్నాను.

"నాది గంతే తాతా. కాకుంటే నాకు ఒక్కదానికే తెలుస్తే సాలదు."

తప్పని చెప్పలేకపోయాను. నా డైరీల్లో నేను ఎప్పుడూ సరైనవాడినే. అందులో నన్ను కాదనేవాళ్లు లేరు. ఆ పిల్ల రాసేది ఎదుటివాళ్ల గోడ మీద. వాళ్లు దాన్ని చెరిపి తమకు కావలసింది రాసుకుంటారు. ఏది మేలో నాకు ఆ అరుగు మీద తేలలేదు. లోపల వాళ్ల అమ్మానాన్నల మాటలు ఒకసారి గట్టిగా వినపడి ఆగిపోయాయి. పిల్ల ఉలిక్కిపడి లోపలికి చూసింది. బల్మూరు మనిషి వాకిట్లో మంచం వేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు.

మర్నాడు సోమవారం. పొద్దు పొడవగానే చేనుకు వెళ్లాం. బావ సమాధి సొంత చేను గట్టు మీదనే. చుట్టూ పల్లి మొక్కలు అప్పుడే ఎదిగి వస్తున్నాయి. వీధివాళ్లు, చుట్టాలు కలిపి మనుషులు ఎక్కువగానే వచ్చారు. మామూలుగా మాసికానికి ఇంతమంది రారు. ఏం జరుగుతుందో చూడాలని వచ్చినవాళ్లు కూడా ఉన్నారని వాళ్ల చూపుల్లోనే తెలిసింది. ఇస్తారిలో బావకు ఇష్టమైనవన్నీ పెట్టారు. ఊదుబత్తులు ముట్టించారు. కొబ్బరికాయ కొట్టారు.

తర్వాత ఆడవాళ్లు సమాధి చుట్టూ కూర్చున్నారు. ముందు భార్య ఎత్తుకోవాలి. ఆమె ఎత్తుకున్నాకే మిగతావాళ్లు ఏడుస్తారు. అక్క కొంగు ముఖం మీదికి లాక్కుంది. నోరు తెరిచింది. అంతలో కళ్లు ఎత్తి చుట్టూ ఉన్న చేతుల వైపు చూసింది. చాలా చేతుల్లో ఫోనులున్నాయి. ఒకరు టైము చూసుకుంటున్నారు. ఒకరు ట్రాక్టరు వాడికి ఫోను చేయబోతున్నారు. ఎవరూ తీయడం లేదు. అయినా అక్క నోరు మూసుకుంది.

ఎవరూ ఏడవలేదు. మాసికంలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊదుబత్తులు సగానికి వచ్చాయి. బల్మూరు మనిషి గట్టు చివర బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

వెనక కూర్చున్న కోడలు ముందుకు జరిగింది. సమాధి మీద చేయి పెట్టింది. ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె తానుగా శోకం ఎత్తుకున్నది లేదు. అత్త వెనక ఏడ్చేది. గొంతు గరుకుగా వచ్చింది, మా రాగం కాదు, బల్మూరు దిక్కు రాగం.

నీళ్లిచ్చిన చేతికి నిప్పు పెట్టిరి మామా,
దునియా నోట్లకు నన్ను తోలిరి మామా,
నీ ఇంటామె మంచం దిగకపాయె,
యాడికని ఒక్క మాట అడగకపాయె మామా.

"చెల్లె!" అని ఆమె అన్న గట్టు మీద నుంచి అరిచాడు. కోడలు శోకంలో అత్తను నిందించడం మా దిక్కు నేను చూడలేదు. అందరూ అక్క వైపు తిరిగారు. అక్క అట్లాగే కూర్చుండిపోతే ఇక ఆ ఇంటికి కోడలు లేనట్టే. ఆ మాట చెప్పనవసరం లేదు, అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

అక్క నేల మీద చేయి ఆనించింది. మోకాళ్లు లేవనివ్వలేదు. భాయ్ చేయి అందించబోతే వద్దంది. రెండోసారి లేచింది. నాలుగు అడుగులు వేసి కోడలి వెనక కూలబడి మెడ పట్టుకుంది. అప్పుడు అక్కకు ఏడుపు వచ్చింది. మాటలతో వచ్చింది. మిగతా ఆడవాళ్లు కూడా ఎత్తుకున్నారు. పిల్ల వెళ్లి ఇద్దరి మీదా పడింది. అక్క ఏమని ఏడ్చిందో నేను విన్నాను. ఇక్కడ రాయను. ఎవరైనా ఫోనులో తీశారా అంటే చెప్పలేను. నా కళ్లకు అప్పుడు చేతులు కనపడలేదు.

ఇంటికి వచ్చాక కోడలు ముఖం కడుక్కొని చీర మార్చుకుంది. అన్న వాకిట్లో నిలబడి, "మరి?" అన్నాడు.

"మరేంది అన్నా. ఇప్పటికే లేటైంది. పిల్లలు వచ్చి తలుపుకాడ కూసుంటరు" అని ఆమె అంగన్‌వాడీ వైపు నడిచింది.

ఆయన ఆమె మలుపు తిరిగేదాకా చూసి, మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.